ఇంజను మిగిలింది

"ఇంట్లో సంపాదించే మగమనిషి ఉంటే మాత్రం అప్పు తగ్గించరక్కా, చూసి మాట్లాడు," అంటూ వసూళ్ల కంపెనీ అశోక్ ఫోను పోలమ్మ నోటి దగ్గర పెట్టాడు.

పడవ ఇంజనుకు తీసుకున్న అప్పు. తుఫాన్లకు వేట సాగక వాయిదాలు ఆగిపోయాయి. ఇవాళ తేలకపోతే ఇంజను పట్టుకుపోతారు.

"మీ అబ్బాయి ఏం చేస్తాడమ్మా?" అని ఫోనులో కంపెనీ ఆఫీసరు అడిగాడు.

తడిక అవతల కొడుకు పెంచలయ్య చిరిగిన వల అల్లుకుంటున్నాడు. చుక్క ముట్టనివాడు.

"వాడా సార్," పోలమ్మ గొంతు తగ్గించింది. "తాగుబోతు. వేటకు పోడు. వాణ్ణి నమ్ముకుంటే నాకు గంజి కూడా పుట్టదు."

ఆఫీసరు ఒప్పుకున్నాడు. "సరే, సగం కట్టండి చాలు."

"బేరం బాగా చేసినావక్కా," అని నవ్వి అశోక్ బయటికి నడిచాడు.

పోలమ్మకు నవ్వు రాలేదు. ధర తగ్గించుకోవడానికి మంచి చేపకు వంక పెట్టేవాళ్లను ఆమె తన చేపల గంప దగ్గర నిలబడనిచ్చేది కాదు.

పెంచలయ్య వల భుజాన వేసుకుని ఇవతలికి వచ్చాడు.

"ఇంజను మిగిలిందామ్మా?"

"మిగిలింది నాయనా." ఆమె తల ఎత్తలేదు.

అతను గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"అశోకన్న పోయినాడేమో చూడమ్మా. నేను వేటకు పోతా ఆయనకు కనిపిస్తే నీ మాట పోతాది."