పిట్ట ముట్టని అన్నం

కొత్తవాడలో మగ్గం నేసిన గుండయ్య క్లోమం నుంచి తీసిన కణితి ముక్క, హనుమకొండ ల్యాబులో సంధ్యారాణి చేతుల మీదుగా వందల చిన్న చిన్న ఉండలై పెరుగుతోంది. ఏ ఉండ ఏ మందుకు చస్తుందో, ఏది మొండికేస్తుందో ఆమె రోజూ రాసుకుంటుంది. ఒక్క మనిషి కణితిలోనే అన్ని రకాలు! వాటికి ఆహారంగా పోసేది గులాబీ రంగు ద్రవం. ఉండలు తిన్నకొద్దీ అది పసుపు తిరుగుతుంది. అందుకు రెండు మూడు రోజులు పడుతుంది.

గుండయ్య పోయి ఆ రోజుకు మూడు రోజులు. రాత్రి ఒక్కతే కూర్చుని ఆహారం మార్చి, పళ్లెం ఇంక్యుబేటర్‌లో పెట్టేసరికి ఫోన్ మోగింది. గుండయ్య భార్య సరోజన, ఆమెకు వరసకు పెద్దమ్మ.

"పిట్ట ముట్టలే బిడ్డా. ఆయనకిష్టమని తలకాయ కూర వండి పెట్టిన. పొద్దంత సూసినం, ఒక్క కాకి వాలలే. ఆఖరు రెండు నెలలు మెతుకు లోపలికి పోలే ఆయనకు. ఆకలితోనే పోయిండు."

"ఫికర్ చెయ్యకు పెద్దమ్మా, రేపు ముడుతది."

ఫోన్ పెట్టేశాక ఇంక్యుబేటర్ మోటారు రొద ఒక్కటే మిగిలింది. కాసేపటికి అదీ ఆగిపోయింది. ఏమైందోనని దాని తలుపు తీసింది.

పళ్లెంలో ఉండలున్న ఇరవై నాలుగు గుంటలూ పసుపు. మందుకు చచ్చాయని నిన్న తన చేత్తో రాసినవి కూడా.

పసుపు ద్రవం తీసేసి మళ్లీ గులాబీ ద్రవం పోసింది. చూస్తుండగానే అంచుల నుంచి పసుపు కమ్ముకొచ్చింది.

కన్నీళ్లు తుడుచుకుని ఇంకో సీసా మూత తీసింది.

"మెల్లగ తిను పెదబాపూ. ఇంకా ఉన్నది."