పై పొరలో అమ్మోనియా

"అన్నయ్యా, ఇంకోసారి చెప్పు. కొలతలకి ముందు ఇంజన్లు మండించలేదు కదా?"

వేదిక వెనక గదిలో చెల్లెలు ఇలా అడగడం మూడోసారి.

"మండిస్తే నీకు చెప్పనా, పిచ్చిదానా?"

దూరాన ఒక గ్రహం చుట్టూ తిరిగే నౌకని భూమ్మీంచి నడిపేది అతను. ఆఫీసులో అందరూ 'డ్రైవరు' అంటారు. కొత్తవాళ్లకి మాత్రం 'ఆవిడ అన్నయ్య' అని పరిచయం చేస్తారు. అతను నవ్వుతాడు.

నౌక కిందికి దిగి గ్రహపు గాలి పై పొరని తాకినప్పుడల్లా, అందులో ఏ వాయువులున్నాయో కొలిచేది ఆమె. రెండేళ్లలో నౌక పద్దెనిమిది సార్లు దిగింది. పద్దెనిమిది సార్లూ అమ్మోనియా కనబడింది. కింద ఏదో ప్రాణి ఉంటే తప్ప అంత ఉండదని ఆమె లెక్క.

చిక్కల్లా ఒకటే. నౌక ఇంధనం మండినా అమ్మోనియా వస్తుంది. అందుకే కొలతకి ముందు ఆరు గంటలు ఇంజన్ల జోలికి పోకూడదు. ఇంజన్లు ఎప్పుడెప్పుడు మండాయో పట్టిక రాసేది అతనే. ఆమెకి అన్నయ్య మాట చాలు.

"ఈ ప్రకటన వారం వాయిదా వేద్దామా? అన్నీ మళ్లీ చూసుకుంటాను."

కింది పెదవి కొరుక్కుంటోంది. చిన్నప్పుడు లెక్క తప్పుతానేమోనని భయం వేసినా ఇంతే. అతనికి ముచ్చటేసింది.

"ముందు వరసలో పెద్దాయన కూర్చున్నాడు చూశావా? నీ ప్రతి వ్యాసాన్నీ చీల్చి చెండాడే మనిషి. నువ్వు వెనక్కి తగ్గితే ఆయనకి విందు భోజనమే."

ఆమె నవ్వేసింది. "లెక్కలు నేర్పింది నువ్వు. పేరేమో నాకు."

"ఇలా ఇవ్వు." కాగితాలు తీసుకున్నాడు. జేబులోంచి పెన్ను తీసి, ఆమె రాసుకున్న 'బహుశా'లన్నీ ఓపిగ్గా కొట్టేశాడు. "ఉంటే ఉందను. నసగకు."

ఆమె వేదికెక్కింది. కాగితాలు బల్ల మీద పెట్టుకుంది.

"అక్కడ ప్రాణం ఉంది," అంది. అంతే. 'బహుశా' అన్న మాటే లేదు.

హాలు దద్దరిల్లింది. అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది అన్నయ్యే. కళ్లు చెమర్చాయి. ఆమె అంత మందిలో అతన్నే వెతుక్కుని చెయ్యి ఊపింది.

చప్పట్లు ఆగాక పెద్దాయన నింపాదిగా లేచాడు. కళ్లజోడు సవరించుకుని ఒక కాగితం విప్పాడు.

'ప్రతి కొలతకీ ముందు ఇంజన్లు మండించక తప్పలేదు, ప్రతిసారీ చెల్లికి చెప్పాను, వినలేదు' అని అన్నయ్య పొద్దున్నే ఆయనకి పంపిన ఉత్తరం అది.