ఏరని బుట్ట

"బుట్టలో చెయ్యి పెట్టారా, మామయ్యా?"

"నా బుట్టలో నేను చెయ్యి పెడితే దొంగతనమా, అమ్మా?" అని నవ్వాడు పడవ యజమాని. నవ్వింది నోరే. కళ్లు గోడకు వేలాడే వానకోటు మీద ఉన్నాయి. అది పెద్దకొడుకుది. మనిషిని ఉంచేసుకుని, సముద్రం కోటును మాత్రం తిప్పి పంపింది.

కోడలిది చేపలు కొలిచే సర్కారు ఉద్యోగం. వలలోంచి దించిన మొదటి బుట్ట, ఏరకుండా, ఆమె బల్ల మీదికి రావాలి. అందులో జానెడు లేని కానాగంత చేపలే ఎక్కువుంటే, అవి పెరిగేదాకా ఈ కాలమంతా పడవలు ఒడ్డుకు కట్టేస్తారు. రేపే నిర్ణయం. పడవ నడిపేది ఆమె భర్త, మామగారికి మిగిలిన చిన్నకొడుకు. బుట్ట మోసుకొచ్చేది మాత్రం, ఎవరెంత చెప్పినా వినకుండా, మామగారే. సొంతవాళ్లకు కొమ్ము కాసిందని తేలితే ఆమె ఉద్యోగం ఉండదు.

ఈసారి బుట్టలో అన్నీ చిన్నవే. అయినా ఆమె మనసు ఊరుకోలేదు. పిల్లచేపలు బక్కచిక్కి ఉంటే మేత లేదనుకోవచ్చు. ఇవి కండపట్టి నిగనిగలాడుతున్నాయి. ఇంత పుష్టిగా ఉన్నవి పెరగకుండా ఎక్కడికి పోతున్నట్టు? ఈయన ఏవో ఏరేశాడు. చూపించినవే ఇంత చిన్నవైతే, దాచినవి ఇంకెంత చిన్నవో.

భర్తతో అంటే తేలిగ్గా కొట్టిపారేశాడు. "నువ్వు పెరుగులో కూడా రాళ్లు వెతుకుతావు. పడవలు ఆగితే మునిగేది నాన్నే కదా."

అందుకే కదా అనుమానం, అనుకుందామె. 'ఈ ఏడు గాలి మంచిది కాదు' అని మామగారు ముద్దముద్దకూ అనడం కూడా, రేపు దొరికిపోతే చెప్పుకోడానికి ఇప్పుడే అల్లుకుంటున్న సాకులా వినిపించింది.

చివరికి చెయ్యి చాపింది. "వలల గది తాళం ఇవ్వండి."

ఆయన బొడ్లోంచి తీసి ఇచ్చాడు.

"చూశాక పైవాళ్లకు చెబుతావా?"

"చెప్పాల్సిందే."

"చెప్పుకో. చిన్నోడికి మాత్రం చెప్పకమ్మా."

గదిలో చిరిగిన వలల కింద మంచుపెట్టె ఉంది. కొలబద్ద సిద్ధంగా పట్టుకుని మూత ఎత్తింది. కొలవాల్సిన పని లేకపోయింది.

ఒక్క చేపా జానెడుకు తక్కువ లేదు.