సగం వంతెన

“రోడ్లంటే ఇష్టమున్నవాళ్లు ఏ ఊరు చూడాలో నన్నడగండమ్మా,” అన్నాడు కారు డ్రైవరు.

వెనక సీట్లో కూర్చున్న టైలరమ్మకు నవ్వొచ్చింది. పక్కన ఆరేళ్ల కూతురు ఆవిడ ఒళ్లో తలపెట్టి అప్పుడే నిద్రలోకి జారుకుంది. కొండ మీది అత్తగారింటి నుంచి కింద రైల్వే స్టేషన్‌కి అరగంట ప్రయాణం. రైలుకి ఇంకా బోలెడు టైముంది. వాగుడుకాయ డ్రైవరు దొరికాడు, కాలక్షేపానికి లోటుండదు అనుకుంది.

“సరే, అడిగాను. చెప్పండి.”

అడగడమే ఆలస్యం. లోకమంతా సెలవులకి సముద్రం చూడటానికి పోతే తను రోడ్లు చూడటానికి పోతానన్నాడు. ఇప్పటికి పదకొండు ఊళ్లు తిరిగాడట. పెళ్లాం రెండో ఊళ్లోనే ఓ దండం పెట్టి పుట్టింటికి వెళ్లిపోయిందట.

“రాజధాని రోడ్లు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. చూడ్డానికి బాగుంటాయిగానీ నడిపేవాడికి నిద్రొస్తుంది. అందుకని మూడో ర్యాంకు. ఏటొడ్డు ఊళ్లో వంతెన మీద వంతెన, మొత్తం నాలుగంతస్తులు. ఒక్క మలుపు తప్పామంటే ఊరంతా చుట్టి రావాల్సిందే. భలే సరదా. అది రెండో ర్యాంకు. ఇక మొదటిది...”

మాట అక్కడే ఆగిపోయింది.

కారు కొండదారిలో మొదటి మలుపు తిరిగింది. అతను అద్దంలోంచి ఆవిడ వంక చూశాడు. తర్వాత నిద్రపోతున్న పాప వంక చూశాడు. ఆ చూపు టైలరమ్మకు నచ్చలేదు.

“మొదటి ర్యాంకు మన ఊరికేనమ్మా,” అన్నాడు కాసేపటికి. గొంతు మారిపోయింది. “కింద సగం కట్టి వదిలేసిన వంతెన ఒకటుంది. ఎక్కడానికేగానీ అవతల దిగడానికి దారుండదు. ప్రతి ఆదివారం వెళ్లి చూసొస్తుంటాను. పాపకి బెల్టు పెట్టండి. మీరూ పెట్టుకోండి.”

టక్కుమని నాలుగు తలుపులకూ తాళాలు పడ్డాయి.

పట్టపగలు హెడ్‌లైట్లు వేశాడు. ఎదురుగా ఎవరూ లేకపోయినా హారన్ కొడుతూనే ఉన్నాడు. కుడికాలు పాటకి తాళం వేస్తున్నట్టు టపటపా ఆడుతోంది. కారులో పాటేమీ లేదు. ఎడమచెయ్యి సీటు పక్కన, ఆవిడకు కనిపించనిచోట, దేన్నో తడుముతోంది.

“కొంచెం నెమ్మదిగా పోనివ్వండి,” అంది ఆవిడ.

“ఈ బండి నాది కాదమ్మా. మా బావమరిదిది. వాడికి జ్వరమని నేనొచ్చాను.”

ఆవిడ అన్నదానికీ అతను చెప్పినదానికీ పొంతనే లేదు. ఇంజను ఒక్కసారి గీపెట్టింది. చెట్లు వెనక్కి పరుగెత్తుతున్నాయి.

కొండ దిగువన రోడ్డు రెండుగా చీలింది. ఎడమవైపు బజారు, బడి వదిలిన పిల్లలు, ఆ వెనకే స్టేషన్. కారు ఎడమకు తిరగలేదు. కుడివైపు, కంపచెట్లు మొలిచిన ఖాళీ రోడ్డులోకి దూసుకుపోయింది.

“స్టేషన్ అటు కదా?”

“అటు జనం ఉన్నారు.”

“ఉంటే?”

“ఇటైతే ఎవరూ ఉండరమ్మా.”

ఆవిడ తలుపు పిడి పట్టుకుని లాగింది. రాలేదు. మళ్లీ లాగింది.

“దాని జోలికి పోకండి,” అన్నాడు అతను. “రెండేళ్ల కిందట ఒకావిడ ఇలాగే భయపడి నా బండిలోంచి దూకేశారు.”

“ఆవిడకి... ఏమైంది?”

“బతకలేదు. అప్పట్నుంచి తాళాలు ముందే వేసేస్తాను. ఏదీ ముందుగా చెప్పను.”

ఆవిడ సంచిలోంచి ఫోన్ తీసింది. స్టేషన్‌లో అన్నయ్య ఎదురు చూస్తుంటాడు. ఒక్క మాట చెబితే చాలు. తొందరలో తప్పు నంబరు నొక్కింది.

“ఫోన్ వదిలెయ్యండి. రెండు చేతులతో పాపని పట్టుకోండి.”

పాప కళ్లు తెరిచింది. “స్టేషన్ వచ్చిందా అమ్మా?”

“వస్తోంది బంగారం. పడుకో.”

తన ప్రాణం పోతే పోయింది, పిల్ల మాత్రం వీడి చేతికి చిక్కకూడదు. సంచిలో మళ్లీ చెయ్యి పెట్టింది. పదిహేనేళ్లుగా ఊళ్లోవాళ్ల గుడ్డలు కత్తిరించిన కత్తెర చేతికి తగిలింది. వేళ్లు అలవాటుగా దాని పిడిలో దూరాయి. ముందుకు వంగి, దాని మొనను అతని మెడకు ఆనించింది.

“కారాపు.”

“ఆపలేను.”

“పొడిచేస్తాను.”

“పొడవండి. పైకి ఎక్కాక పొడవండి. ఇంకొక్క నిమిషం, తల్లీ.”

ఎదురుగా రోడ్డు పైకి లేచింది. అటూ ఇటూ పిట్టగోడలు కూడా లేవు. పైన, ఉన్నట్టుండి రోడ్డు తెగిపోయి ఉంది. ఆ తర్వాత ఆకాశం తప్ప ఏమీ లేదు. కారు నేరుగా అటే పోతోంది.

ఆవిడ కళ్లు మూసుకుని చేతిని ముందుకు నొక్కింది. కత్తెర మొన దిగింది. అతను మూలిగాడు. స్టీరింగ్ మాత్రం వదల్లేదు.

ఎత్తు ఎక్కేకొద్దీ కారు ఆయాసపడింది. వేగం తగ్గింది. ఇంకా తగ్గింది. అంచుకి పది అడుగుల ఇవతల, ఎవరో కాంట్రాక్టరు వదిలేసిపోయిన ఇసుక కుప్పలో ముక్కు గుచ్చుకుని ఆగింది.

తాళాలు తెరుచుకున్నాయి. ఆవిడ పిల్లను చంకనేసుకుని కిందికి దూకింది. కత్తెర ఇంకా చేతిలోనే ఉంది. అతనూ దిగాడు. కానీ ఆవిడ వైపు రాలేదు. రెండడుగులు వేసి అక్కడే కూలబడ్డాడు. కాలరంతా ఎర్రగా తడిసింది.

“ఎవడ్రా నువ్వు? ఏం కావాలి నీకు?”

అతను మెడను అరచేత్తో అదిమిపట్టుకుని పాప వంక చూశాడు.

“మొదటి మలుపులోనే బ్రేకులు పోయాయమ్మా.”