ముగ్గురిలో ఒకరు

"ఎక్కు" అన్నాడు రెనియర్, రెండో గుర్రం కళ్లెం ఎష్కీవా చేతికిస్తూ.

ఆమె ఎక్కలేదు. దొడ్డివాకిలి అవతల ఎండకు మెరుస్తున్న సముద్రం వైపు చూస్తూ నిలబడిపోయింది. తూరు రేవులో సైప్రస్ వెళ్లే ఓడ వాళ్లిద్దరి కోసం ఆగి ఉంది. పైన సభాశాలలో ముగ్గురు యోధులు ఆమె కోసమే కూర్చుని ఉన్నారు.

కోట ఉన్నచోట కత్తి పట్టే మగవాడు ఉండాలి. అందుకే భర్త పోయిన ఏడాదికి ప్రభువు ముగ్గురిని పంపుతాడు. విధవ వాళ్లలో ఒకరిని ఏరుకోవాలి, లేదా కోట వదులుకోవాలి. ఎష్కీవా గడువు ఈ సాయంత్రంతో సరి. ఆ ముగ్గురిలో గుంట భూమి లేని రెనియర్ లేడు.

"ఈ కోట వదిలి రాలేను" అంది ఎష్కీవా.

"అయితే ఆ ముగ్గురిలో ఒకణ్ణి చేసుకుంటావా?"

"చచ్చినా చేసుకోను."

"మరి?"

"అదే తెలియడం లేదు."

రెనియర్‌కు తల తిరిగిపోయింది. నేనంటే ఇష్టం లేదా అంటే ప్రాణమంటుంది. ప్రభువు కాళ్ల మీద పడి నాలుగో పేరుగా తన పేరు చేర్పించుకుంటానంటే వద్దంటుంది. పారిపోదామని నిన్న ఒప్పుకుంది. ఇవాళ కాలు కదపడం లేదు.

ముసలి దాసి ఒడియెర్న ఆయాసపడుతూ మెట్లు దిగి వచ్చింది. ప్రభువు రాయబారి గాల్టియర్ దొరగారు విసుక్కుంటున్నారనీ, పెళ్లికొడుకులు పళ్లెంలో ఒక్క ఖర్జూరం కూడా మిగల్చలేదనీ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఒక్క మాటతో పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకమ్మా? చెప్పేస్తే పోలా?"

"నోరు ముయ్యి" అంది ఎష్కీవా. రెనియర్ వైపు ఒకసారి చూసి, గబగబా మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆ మాటేమిటని రెనియర్ దాసిని నిలదీశాడు. తాను చెబితే అమ్మగారు తన నాలుక కోయిస్తారనీ, లోకంలో మరెవరికి తెలిసినా ఫర్వాలేదు గానీ అది రెనియర్ చెవిన మాత్రం పడకూడదని ఆవిడ పట్టుదల అనీ అంది ఒడియెర్న.

రెనియర్ మనసులోనే లెక్కలు వేసుకున్నాడు. ఆమె భర్త బతికే ఉన్నాడనుకోవడానికి లేదు, యుద్ధభూమి నుంచి ఆయన శవాన్ని మోసుకొచ్చింది తనే. అంటే మరెవడో ఉన్నాడు. ఎవడు?

సభాశాలకు పరిగెత్తాడు. ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఒకడి ముక్కు కత్తిదెబ్బకు పక్కకు తిరిగి ఉంది. ఒకడు కునుకు తీస్తున్నాడు. మూడోవాడు ఎష్కీవాను వదిలేసి గోడల మందం చూసుకుంటున్నాడు. వీళ్లలో ఎవడూ కాదు.

"పొద్దు గుంకుతోంది దొరసానీ" అన్నాడు గాల్టియర్. "నోటితో చెప్పడానికి సిగ్గయితే వేలు చూపించండి, చాలు."

రెనియర్ ఇక ఆగలేకపోయాడు. కత్తి దూసి మధ్యలో నిలబడ్డాడు.

"ఈమెను చేసుకోవాలనుకున్నవాడు ముందు నాతో తేల్చుకోవాలి."

మరుక్షణంలో భటులు అతన్ని బల్ల మీదకు వంచి కుడిచేయి చాపించారు. న్యాయంగా వచ్చిన ప్రభువు మనుషుల మీద కత్తి దూస్తే ఆ చేయి ఉండదని గాల్టియర్ తాపీగా గుర్తుచేశాడు. ఒక భటుడు గొడ్డలి తెచ్చాడు.

రెనియర్ తలెత్తి ఎష్కీవాను చూశాడు.

"పోయే చెయ్యి ఎలాగూ పోతుంది. వాడెవడో ఇప్పుడైనా చెప్పు."

"ఎవడూ లేడు, పిచ్చివాడా" అంది ఆమె. ముఖం కందిపోయింది. గాల్టియర్ వైపు తిరిగింది. "ఆ చేయి వదలండి. మీరు న్యాయంగా వచ్చినవాళ్లు కారు."

"విధవకు ముగ్గురిని చూపించడం మన చట్టమే కదా దొరసానీ?"

"నా విషయంలో కాదు."

గాల్టియర్‌కు అర్థం కాలేదు. రెనియర్‌కు అసలే అర్థం కాలేదు. ఎష్కీవా అతని కళ్లలోకి చూడలేక కళ్లు మూసుకుంది.

"అరవై దాటిన ఆడదాన్ని పెళ్లాడమనే హక్కు ఏ ప్రభువుకూ లేదు."