డ్రై ఐస్ డబ్బా

ల్యాబ్‌లో ఫ్రీజర్ ఆగిపోయింది. పేగు గోడకు అతుక్కోవడానికి వాడే ప్రొటీన్ ఏదో తేల్చడానికి రజిత ఏళ్ల తరబడి జన్యువులు మార్చి, గడ్డకట్టించి దాచిన బ్యాక్టీరియా కరుగుతోంది. వాటిని గడ్డగా ఉంచేందుకు డ్రై ఐస్ తెస్తున్న ఆటో మియాపూర్‌లో తెలంగాణ కోసం చేస్తున్న రాస్తారోకోలో చిక్కుకుంది. ఆ రాస్తారోకోలోనే రోడ్డు మీద కూర్చున్న తమ్ముడికి ఫోన్ చేసింది.

“శివా, ఆ ఐసు ఆటోను ఇడువుర.”

“అంబులెన్స్ తప్ప ఏదీ ఇడువొద్దని నిన్న నువ్వే చెప్తివి గదక్కా. ఎవరి పానం మీదికన్న వచ్చిందా?”

రజిత ఫ్రీజర్ వైపు చూసింది.

“లేదురా.”

“మరి ఫికరెందుకు? జై తెలంగాణ!”

“జై తెలంగాణ,” అంది రజిత.

సాయంత్రం, అన్నీ కరిగి పాడయ్యాక, శివే డబ్బా మోసుకొచ్చి మూత తీశాడు. ఖాళీ.

“ఒట్టక్కా, నేను ముట్టలే!”

“నువ్వేం చెయ్యలేదురా. అది గట్లనే గాలై మాయమైతది. నీళ్లు సుత మిగలవు.”

శివ ఇంకా డబ్బాలో చెయ్యి పెట్టి తడుముతూనే ఉన్నాడు.