తొడుగు అల్లే కణాలు

స్లైడ్ చివర అంటించిన చీటీ మీద నందిని బొటనవేలు ఆనించే ఉంది. జహీరాబాద్ కాలేజీలో ఆమె జువాలజీ చెబుతుంది. తలకు రుమాలు చుట్టుకున్న తండ్రి సిద్దప్ప, చెప్పకుండా ల్యాబ్‌లోకి వచ్చి, ఆమె చూస్తున్నదేమిటో తనూ చూస్తానని మైక్రోస్కోప్‌కు కన్ను ఆనించాడు.

"సీతాఫలం తొనల లెక్కున్నయి. తెల్లటి గుజ్జు, నడుమ నల్ల గింజ. ఏందివి?"

"మెదడుల కణాలు, నాయినా. నరాలకు మైలిన్ అనే తొడుగు అల్లుతయి. ఒక్కొక్కటి చేతులు చాపి మస్తు నరాలను చుట్టుకుంటది."

"మంచి పనిమంతులే. గింత ఒత్తుగ ఉంటయా?"

నందిని కిటికీ వైపు చూసింది, గడియారం వైపు చూసింది. వేలు మాత్రం కదపలేదు.

"ఉండయి. ఇది జబ్బు చేసిన మెదడు."

"ఎవలిది?"

"ఎవలిదో. పిల్లలకు చూపెడ్దామని తెచ్చిన."

"అల్లం గిట్ల దగ్గరదగ్గర పెడితే గడ్డ ఊరదు బిడ్డా, కుళ్లుతది."

సిద్దప్ప తల ఎత్తాడు. రుమాలు విప్పి, ఇంకా పచ్చి ఆరని కుట్లను మెల్లగా తడుముకున్నాడు.

"జర వేలు తియ్యి. పేరు నేనే సదువుకుంట."